నలభై రోజుల్లో సంఘం

దినేష్ పాల్ అయ్యగారు కాంతమ్మ వాకిట్లో కుర్చీ మీద ఇంకా కుదురుగా కూర్చోనైనా లేదు, ఎర్రగట్టుపల్లిలో దేవుడి మాట చెప్పేవాడు ఒక్కడూ లేడని తేల్చేశాడు. ఆయన ఫోనులో వనపర్తి జిల్లా పటం ఉంది. సంఘం ఉన్న ఊరి మీద పచ్చ చుక్క, లేని ఊరి మీద ఎర్ర చుక్క. ఎర్రగట్టుపల్లికి ఎర్ర చుక్క పడింది. ఆ చుక్కను ఊరికొచ్చి పెట్టారా, ఎక్కడో ఫ్యాను కింద కూర్చుని పెట్టారా అన్నది ఆయన చెప్పలేదు గాని, దాన్ని చూస్తూ కళ్ళు మాత్రం తుడుచుకున్నాడు.

"ఎంత చీకటమ్మా ఈ ఊరు! దీని కోసం నా హృదయంలో పెద్ద భారం కలిగింది."

కాంతమ్మ ఆయన భుజం మీదుగా చూసింది. దారికి అవతల నాపరాళ్ళ కప్పు, సున్నం కొట్టిన గోడలు, నీలం తలుపు, తలుపు పైన సిమెంటుతో చేసిన శిలువ. ఇరవై ఏళ్ళుగా ఉన్న మందిరం. భారం కలిగిన మనిషి సరిగ్గా దానికే వీపు పెట్టి కూర్చున్నాడు.

"అయ్యగారూ, జర ఎనకకు తిరిగి చూడుండ్రి."

ఆయన తిరిగాడు. చూశాడు. "అది వచ్చేటప్పుడే చూశానమ్మా. తాళం వేసి ఉంది కదా."

"మీరు గిట్ల బయలెల్లినప్పుడు మీ ఇంటికి తాళమేసి రాలేదా? ఇప్పుడు మీకు ఇల్లు లేనట్టేనా?"

ఆయన పక్కనే నిలబడ్డ శివకుమార్ నేల చూపులు చూశాడు. అతడు కాంతమ్మ తమ్ముడి కొడుకు. ఇరవై ఆరేళ్ళవాడు. ఇస్త్రీ చొక్కా, నడుముకు బెల్టు, చంకలో ఒక రంగుల పుస్తకం. సంఘాలు ఎట్లా స్థాపించాలో నేర్పే తరగతులు రెండు వారాలు విని, ఈ ఊరిని తన ఊరిగా రాయించుకుని వచ్చాడు. పుట్టిన ఊరిని కొత్తగా కనిపెట్టి రావడం అందరికీ చేతనయ్యే పని కాదు.

ఆ తాళం సంగతి అతడికి తెలియనిది కాదు. జూరాల ప్రాజెక్టు నీళ్ళు కింది ఊళ్ళను తడిపి అక్కడే ఆగిపోయాయి. మెట్ట మీది ఎర్రగట్టుపల్లికి ఎక్కి రాలేదు. అందుకే దసరా దాటగానే సగం ఊరు రాయచూరు పోయి రైలెక్కి, పుణెలో ఇళ్ళు కట్టే పనికి చేరుతుంది. మందిరానికి వచ్చేవాళ్ళయితే ముసలివాళ్ళు తప్ప అందరూ పోతారు. కాంతమ్మ పెనిమిటి ఇస్రాయేలే వాళ్ళ మేస్త్రి, వాళ్ళ సంఘపెద్ద కూడా. పగలంతా గోడలు కట్టించి, ఆదివారం సాయంత్రం సిమెంటు సంచుల మధ్య వాళ్ళను కూర్చోబెట్టి వాక్యం చదువుతాడు. క్రిస్మసుకు అందరూ వచ్చిపోతారు. ఆ రోజు మందిరం గదిలో నిలబడడానికి చోటుండదు. కాని క్రిస్మసు నాడు దినేష్ పాల్ లాంటివాళ్ళకు కేకులు కోసే పనే సరిపోతుంది. ఎర్ర చుక్కలు వెతకడానికి తీరిక దొరికేది ఫిబ్రవరిలోనే.

ఈ ఏడు మోకాళ్ళ నొప్పులతో కాంతమ్మ పనికి పోలేదు. మందిరం తాళంచెవి ఆమె కొంగుకే ఉంది.

"పోయిన ఆదివారం ఆరాధనకు ఎంతమంది వచ్చారమ్మా?" దినేష్ పాల్ ఫోను మీద వేలు సిద్ధంగా పెట్టి అడిగాడు.

"అరవై మూడు."

"ఇక్కడ, ఈ గదిలో కూర్చున్నవాళ్ళు?"

"నలుగురం. నేను, ఎస్తేరమ్మ, యమున, సాయన్న."

"మిగతా వాళ్ళు?"

"పేరు చదువుతం. పనికి పోయిండు, వస్తడు అంటం. మా కాడ అది కూడ హాజరే."

దినేష్ పాల్ చిరునవ్వు నవ్వి నాలుగు అంకె నొక్కాడు. "పదిమందికి తక్కువైతే సంఘం కింద రాదమ్మా. ఫారం తీసుకోదు."

"మీ ఫారం తీసుకోకుంటె మేం లేనట్టేనా?"

"అలా కాదు. మీలాంటి బలహీనమైన చోట్లను బలపరచడానికే మేం ఉన్నాం" అని ఆయన ఎంతో దయగా చెప్పాడు. ఆదివారం వనపర్తి నుంచి వాళ్ళే వస్తారట. గది బాగానే ఉంది కాబట్టి అందులోనే కొత్త సంఘం ప్రారంభిస్తారట. బోర్డు వాళ్ళే తెస్తారు, శివకుమార్ పాస్టరవుతాడు. ఆమె చేయవలసింది తలుపు తీయడం ఒక్కటే. ఇదంతా చెప్పి, ఎదురుగా ఉన్న మందిరాన్ని ఫోటో తీసుకుని, అందులో తాళం కనిపిస్తోందని మళ్ళీ పక్క నుంచి తీసి, కారెక్కాడు.

కారు మలుపు తిరిగాక కాంతమ్మ మేనల్లుడి వైపు చూసింది.

"ఆ పుస్తకం ఇటియ్యి."

ఇచ్చాడు. పైన 'నలభై రోజుల్లో సంఘం' అని బంగారు రంగు అక్షరాలున్నాయి. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని నాలుగు పేజీలు తిప్పింది. మొదటి వారం గ్రామమును ప్రేమించుట. రెండో వారం గ్రామములో పలుకుబడి గల వ్యక్తిని గుర్తించుట. మూడో వారం అతని గృహములో భోజనము చేయుట.

"మూడో వారం దాక ఏం తింటరురా?"

"నగకు అత్తా."

"నగుతలేను. అడుగుతున్న. ఈ ఊర్ల పలుకుబడి ఉన్నోడు ఎవడని రాసినవు?"

"మామ పేరే రాసిన."

"మామ ఊర్ల లేడు గద."

"లేడు. గందుకే ఆ గడి ఖాళీగ పెట్టిన్రు."

ఆమె పుస్తకాన్ని గట్టు మీద పడేసింది. శివకుమార్ ఆమె కాళ్ళ దగ్గర మెల్లగా, వీపు వంచకుండా కూర్చున్నాడు. రెండేళ్ళ కింద పుణెలో మూడో అంతస్తు నుంచి ఇసుక కుప్ప మీద పడ్డాడు. ప్రాణం దక్కింది. నడుము మాత్రం తట్ట మోసేందుకు పనికిరాకుండా పోయింది.

"ఆదివారానికి నలభయ్యో దినం అత్తా. సంఘం చూపియ్యకుంటె తీసేస్తరు. చూపిస్తె మూడేండ్లు జీతమిస్తరు. నాకు ఇంకేం పనొస్తది చెప్పు?"

"ఏం చూపిస్తవు? మీ మామ కట్టిన గోడనా?"

"బోర్డొక్కటే మారుతది. వచ్చేటోళ్ళు వస్తనే ఉంటరు."

"ఉగాదికి మీ మామొచ్చి, ఈ గడపల చెప్పులిడిసి, ఎవరి సంఘానికొచ్చినవ్ పెద్దమనిషీ అని నిన్ను అడగాల్నా, నువ్వు ఆయనను అడుగుతవా?"

శివకుమార్ గట్టు మీది పుస్తకాన్ని బోర్లా తిప్పి పెట్టాడు. జవాబు చెప్పలేని పని చేస్తున్నానని తెలిసినవాడి మొహం అది. పూర్తిగా చెడిపోయినవాడైతే ఈపాటికి ఏదో ఒకటి చెప్పేవాడు అనుకుంది కాంతమ్మ.

సంఘం ఎట్లా మొదలైందో ఆమెకు ఏ పుస్తకమూ చెప్పనక్కరలేదు. ఆమె అక్కడే ఉంది. అప్పట్లో పుణెలో పదకొండు రోజులు ఎడతెగని వాన. పని లేదు, కూలి లేదు. రేకుల షెడ్డులో ఆరు కుటుంబాలు తలా కాసిన్ని బియ్యం తెచ్చి ఒకే గిన్నెలో పోసి వండుకున్నాయి. అలంపూర్ దిక్కు నుంచి వచ్చిన ముసలాయన ఒకడు అక్కడ కావలి ఉండేవాడు. ఆయన రోజూ ఒంటరిగా ప్రార్థన చేసుకునేవాడు. ఇస్రాయేలు పోయి ఆయన పక్కన కూర్చోవడం మొదలుపెట్టాడు. వాన తగ్గింది, పని మొదలైంది, ఆ ఒక్క గిన్నె మాత్రం విడిపోలేదు. ఊరికి వచ్చాక ఒక్కో ఇల్లు ఒక్కో ఏడు నాలుగేసి నాపరాళ్ళు కొని తెచ్చింది. గదికి పైకప్పు పడేసరికి నాలుగేళ్ళు పట్టింది. ఎవరి కళ్ళలోనూ నీళ్ళు రాలేదు; అంత తీరిక ఎవరికుంది?

తాళంచెవి ఇవ్వకపోతే పిల్లవాడి కూడు పోతుంది. ఇస్తే అరవై మూడు మంది ఉండీ లేనివాళ్ళవుతారు. కాంతమ్మ నాలుగు రోజులు ఆలోచించింది. శనివారం నాడు అతణ్ణి పిలిచి, "తలుపు తీస్త" అంది. "గని ముందుగాల మా పద్ధతి అయిపోవాలె. పేర్లు నువ్వు చదవాలె. ఆ తరువాత నీ నోటితోని నువ్వేం చెప్పుకుంటవో చెప్పుకో."

ఆదివారం పదింటికి రెండు వ్యాన్లు దిగాయి. నలభై మంది, మైకు, కుర్చీలు, బిర్యానీ పొట్లాలు. సంఘం లేని ఊళ్ళో సంఘం ప్రారంభించడానికి సంఘాన్ని కూడా వెంట తెచ్చుకున్నారు. 'పన్నెండవ నూతన సంఘ ప్రారంభోత్సవము' అని బ్యానరు. అందులో దినేష్ పాల్ బొమ్మ నిలువెత్తున ఉంది, శిలువ ఒక మూల ఇమిడిపోయింది.

"పేర్లా? అయిదు నిమిషాల్లో ముగించండి బ్రదర్" అన్నాడు దినేష్ పాల్ గడియారం చూసుకుంటూ.

శివకుమార్ మందిరం నోటుబుక్కు తెరిచాడు.

"చెన్నయ్య."

"పనికి పోయిండు, వస్తడు" అన్నారు ముందు వరుసలో చాపల మీద కూర్చున్న నలుగురూ.

"రాములు."

"పనికి పోయిండు, వస్తడు."

"లచ్చమ్మ."

"పనికి పోయింది, వస్తది."

వెనక కుర్చీల్లో కిసుక్కుమని నవ్వు. ఇరవయ్యో పేరు దాకా ఆ నవ్వులు సాగాయి, తరువాత విసుగు మొదలైంది. ఒకామె బిర్యానీ చల్లారిపోతుందని పక్కామెతో అంది. దినేష్ పాల్ చేత్తో తొందరగా కానిమ్మని సైగ చేశాడు. శివకుమార్ వేగం పెంచబోయాడు, కాని ముసలివాళ్ళు పెంచలేదు. ఒక్కో మనిషికి పట్టవలసినంత సేపు పట్టింది.

పేజీ తిప్పాడు. తరువాతి పేరు చూసి ఆగి, మెల్లగా చదివాడు.

"శివకుమార్."

కాంతమ్మ పలకలేదు. ఎస్తేరమ్మ, యమున ఆమె మొహం చూశారు. సాయన్నకు చూపు ఆనదు. ఎదురుగా చదువుతున్నది ఎవరో ఆయన పట్టించుకోలేదు.

"పనికి పోయిండు" అన్నాడు సాయన్న అలవాటుగా. "వస్తడు."

ఈసారి కుర్చీలన్నీ నవ్వాయి. శివకుమార్ తన పేరు మీద వేలు ఉంచి తరువాతి పేరు వెతుక్కున్నాడు. చివరిదాకా ఒక్క పేరు కూడా వదలకుండా చదివి, నోటుబుక్కు మూసి, కాంతమ్మ చేతికిచ్చాడు.

"హల్లెలూయ!" అని దినేష్ పాల్ లేచి, బ్యానరు ముందు అతణ్ణి నిలబెట్టి ఫోను ఎత్తాడు. "ఇప్పుడు సాక్ష్యం బ్రదర్. ఒక్క ముక్క చాలు. ఈ గ్రామంలో ఇంతకు ముందు సంఘం లేదు, నేటి నుండి ఉంది. చెప్పండి."

"ఉన్నది సార్" అన్నాడు శివకుమార్.

"నేటి నుండి."

"ముందు నుంచే ఉన్నది. నేనందులోనే పెరిగిన. ఇప్పుడే కద అరవై మూడు పేర్లు చదివిన, లేదని ఎట్ల చెప్పాలె?"

దినేష్ పాల్ ఫోను దించి, దగ్గరికొచ్చి, గొంతు తగ్గించాడు. మైకు ఇంకా ఆన్‌లో ఉందని మరిచిపోయాడు.

"బ్రదర్, ఇది అబద్ధం కాదు. ఫార్మాట్."

ఆ మాట మైకులోంచి ఊరంతా వినిపించింది. చాప మీద ఎస్తేరమ్మ కాంతమ్మను మోచేత్తో పొడిచి, "ఫార్మాటంటె ఏందే?" అని అడిగింది.

"అబద్ధానికి ఇస్త్రీ చేస్తె గట్లుంటది" అంది కాంతమ్మ.

వ్యాన్లు పదకొండున్నరకు వెళ్ళిపోయాయి. బ్యానరును జాగ్రత్తగా చుట్టుకుని తీసుకుపోయారు. దాని మీద ఊరి పేరు లేదు మరి. మధ్యాహ్నం మూడింటికల్లా వాళ్ళ గ్రూపులో శివకుమార్ ఫోనుకు ఫోటో వచ్చింది. అవతలి ఊళ్ళో మల్లన్న అనే రైతు వేరుశనగ కాయలు ఆరబోసుకునే షెడ్డు, దానికి అదే బ్యానరు, దాని ముందు అదే నలభై మంది. ఎర్ర చుక్క ఒకటి పచ్చబడింది, దేవునికి స్తోత్రం అని కింద రాశారు. మల్లన్న మాత్రం ఏదో విత్తనాల కంపెనీ మీటింగనుకుని షెడ్డు ఇచ్చాడని తరువాత తెలిసింది. ఫోటోలో ఒక పక్కన చేతులు కట్టుకుని, సంచులు ఎప్పుడు పంచుతారా అని చూస్తూ నిలబడ్డాడు.

ఇంకో నిమిషానికి శివకుమార్‌ను ఆ గ్రూపులోంచి తీసేశారు.

అతడు గట్టు మీద కూర్చుని ఫోను వైపే చూస్తున్నాడు. కాంతమ్మ అయ్యో బిడ్డా అనలేదు. ఇస్రాయేలుకు ఫోను కలిపి, జరిగింది నాలుగు మాటల్లో చెప్పి, "ఇప్పుడు వీనిదేం చేద్దాం?" అంది.

అవతల కంకర మిషను చప్పుడులో ఇస్రాయేలు అరిచాడు. పక్క సైటులో బల్మూర్ నుంచి వచ్చినవాళ్ళు ముప్పై మంది దాకా ఉన్నారట. వాళ్ళలో కొందరు ఆదివారం వచ్చి కూర్చుంటామంటే వాళ్ళ మేస్త్రి పంపడం లేదు. వాళ్ళ దగ్గర వాక్యం చదవగలిగినవాడు లేడు. ఆ సైటుకు కావలి మనిషి కూడా లేడు, మొన్ననే మానేశాడు. బరువు మోసే పని కాదు.

కాంతమ్మ ఫోను పెట్టేసి సంగతి చెప్పింది.

"కావలి పనా?" అన్నాడు శివకుమార్.

"పాస్టరని రాసిచ్చెటోళ్ళు ఆడ లేరు. సంఘమైతే ఆడ నిజంగనే లేదు. పోతె పో. గని ఒకటి చెప్తున్న, మొదటి నెల నోరు తెరువకు. ఎవరి పిల్లకు జరమొచ్చిందో, ఎవరికి ఇంటికి ఫోను చేసుడు రాదో చూడు. దవాఖానకు ఎంబడి పో. వాళ్ళ పొయ్యి కాడ కూర్చుంటె వాళ్ళే అడుగుతరు నువ్వెవరని."

"అడగకుంటె?"

"నీకు గిన్నెలు తోముడు వస్తది గద? తోము."

"వాళ్ళ మేస్త్రి నన్ను రానిస్తడా?"

"రానియ్యకుంటె బయట కూర్చో. సైటుకు కావలోడివి, బయట కూర్చున్న నిన్ను ఇంకెవడు ఎల్లగొడ్తడు?"

శివకుమార్ చెయ్యి గోడకు ఆనించి మెల్లగా లేచి, సాయన్న ఇంటి దిక్కు నడిచాడు. రాయచూరు నుంచి పుణెకు ఏ రైలు ఎన్నింటికి పోతుందో, ఏ డబ్బాలో కూర్చునే చోటు దొరుకుతుందో ఊళ్ళో నోటికి తెలిసినవాడు ఆ చూపు ఆనని ముసలాయన ఒక్కడే.