జానెడు జానెడుగా

ప్రతి నెలా ఒకటో తారీఖున, లాండ్రీలో ఇస్త్రీ చేసే ఆమె పొదుపు ఆఫీసుకు వెళ్లేది. రెక్కాడితే గాని డొక్కాడని వాళ్లకూ సొంత ఇల్లు అమరాలని పెట్టిన పథకం అది. ఆమె ఎంత కడితే ఆఫీసూ అంతే కలుపుతుంది, రెండేళ్లు ఓపిక పట్టాలి. కట్టి ఇంటికొచ్చేసరికి వాళ్ల ఒంటిగది వెనక గోడ జానెడు అవతలికి జరిగి ఉండేది. పథకంలో ఉన్న అందరి ఇళ్లలోనూ అంతే. గది అద్దెకిచ్చిన ఇంటి ఓనరు మాత్రం, "పెరిగిన మేరకు సున్నం నువ్వే కొట్టించుకోవాలమ్మా" అని ముందే చెప్పేశాడు.

ఇరవై నెలలకు ఇరవై జానలు. సిమెంటు గోడౌన్లో బస్తాలు మోసి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న మొగుడు, కొత్త చోట ఊపిరాడుతోందని మంచం అటే వేయించుకున్నాడు. ఇక ఆపరేషన్ తప్పదన్నారు డాక్టర్లు. పొదుపు మధ్యలో తీస్తే ఆఫీసు వాటా పోతుంది, గోడ మొదటి చోటికి వచ్చేస్తుంది. పోతే పోనీ, మనిషి దక్కితే చాలనుకుంది.

"మంచం ఇటు జరపనా?" అంది బయల్దేరుతూ.

"డబ్బు రావడానికి వారం పడుతుందన్నారు కదే. కాసేపు పడుకోనీ."

ఆమె కళ్లనీళ్లు చూసి కౌంటర్‌లో అమ్మాయి మనసు కరిగింది. కాగితాలు తనే పట్టుకుని బల్లబల్లకూ తిరిగి, గంటలో డబ్బు చేతిలో పెట్టింది. ఆ పిల్లను అనడానికేం లేదు. మంచితనం కూడా ఒక్కోసారి కొంప ముంచుతుంది.

ఇంటికొచ్చేసరికి గోడ పాత చోటే ఉంది. మంచం లేదు.

"ఏమయ్యా!"

"ఇక్కడే ఉన్నానే," అన్నాడు గోడ అవతలి నుంచి, దగ్గుతూ.

పక్కింటి తాపీమేస్త్రీ గోడకు కన్నం పెట్టి చూశాడు. అవతల సందే కనిపించింది. ఆమె డబ్బంతా తీసుకుని ఆఫీసుకు పరుగెత్తింది.

"ఒకేసారి కట్టించుకోరక్కా," అంది ఆ అమ్మాయి ఏడుస్తూ. "నెలకొక్కసారే. మళ్లీ మొదటి నుంచీ."

మంచం పన్నెండు జానల అవతల ఉంది. నెలనెలా కట్టింది. గోడ జరిగినప్పుడల్లా చెవి ఆనించి, "తిన్నావా?" అనేది. "ఇక్కడ ఆకలెయ్యదులే. నువ్వు తిను," అనేవాడు. దగ్గరయ్యే కొద్దీ అతని గొంతు సన్నబడుతూ వచ్చింది.

తొమ్మిదో నెల ఎంత పిలిచినా పలకలేదు. అయినా పదో నెల కట్టింది, పదకొండో నెలా కట్టింది. పన్నెండో నెల, ఆఫీసుకు బయల్దేరే ముందు, అయినవాళ్లకు కబురు చేయమని ఇంటి ఓనరుతో చెప్పింది.