గొట్టం మీద మూడు దెబ్బలు

ఆ రోజు ప్లంబరు చేయాల్సిన పనులు ఇవి. మేడ మీది ట్యాంకు కట్టేయాలి. మెట్ల పక్కగా మూడు వాటాలకూ దిగే పాత ఇనప గొట్టం పీకేయాలి. దాని చోట ప్లాస్టిక్‌ది దించాలి. మధ్య వాటాలో కారే కుళాయికి వాషరు మార్చాలి. సాయంత్రానికి నీళ్ళు వదలాలి.

నిజానికి అతను రావాల్సింది మర్నాడు. ఇంకోచోట పని తప్పిపోవడంతో, ఊరికే కూర్చోవడమెందుకని ఒక రోజు ముందే వచ్చేశాడు. అద్దెకున్నవాళ్ళకు ఆ సంగతి తెలియదు. మధ్య వాటాలో టైలరు మిషను టకటకమంటోంది. కింద నర్సమ్మ వాటాకు తాళం వేసి ఉంది. పై వాటాకీ మధ్య వాటాకీ నడుమ, మెట్ల మలుపులో మూరెడు ముక్క కోసి పక్కన పెట్టాడు. పై చివర విప్పుదామని మేడెక్కాడు.

పానా బిగించగానే గొట్టం చేతిలో ఝల్లుమంది. మూడు దెబ్బలు. ఆగి, మళ్ళీ మూడు.

నీళ్ళు ఆగినందుకు గోల కాబోలనుకుని కిందికి వంగి కేకేశాడు. "సాయంత్రం వదుల్తానమ్మా! గొట్టం ఏం పాపం చేసిందని దాన్ని బాదుతారు?"

మళ్ళీ మూడు, ఈసారి గబగబా. వెనకాలే పసిబిడ్డ గుక్కపట్టిన ఏడుపు.

ఒక్క అంగలో దిగాడు. పై వాటా గుమ్మంలో, చేతిలో గరిటెతో, రేగిన జుట్టుతో ఒక చిన్నవయసు తల్లి నిలబడి ఉంది. చంకలో ఎనిమిది నెలల పాప. ఎవరొచ్చారో కూడా చూడలేదు. బిడ్డను చేతులు చాచి ముందుకు పట్టింది.

"తీసుకోండి. ఇంక నా చేతుల్లో ఉంచొద్దు."

అతను బిడ్డను అందుకున్నాడు. ఆమె గోడవైపు తిరిగి మెట్టు మీద కూలబడింది. "ఎవరూ రాలేదేంటి? ఎప్పుడూ మూడు కొడితే వస్తారుగా!"

అతనికి అర్థం కాలేదు. పాపను భుజాన వేసుకుని కిందికి పరిగెత్తాడు. నర్సమ్మ అప్పుడే బజారు నుంచి వచ్చినట్టుంది. గుమ్మం ముందు గొట్టానికి కుర్చీ ఆనించి, దానికి వీపు చేరవేసి నిశ్చింతగా కూర్చుంది. చెవులు మందమైన ముసలామె. భుజాన బిడ్డను చూడగానే లేచింది.

"గొట్టం మోగలేదే! ఎందుకు మోగలేదు?"

"నేనే కోశానమ్మా" అన్నాడు.

ఆవిడ తిట్టలేదు. మెట్లెక్కుతూనే, "ఏమయ్యా టైలరూ, రా!" అని కేకేసింది. టైలరు సగం కుట్టిన చొక్కా వదిలేసి వచ్చి పాపను అందుకున్నాడు. "రా తల్లీ. నీకోసం ఎక్కీ ఎక్కీ నా మోకాళ్ళ కుట్లూడిపోయాయి" అంటూ ఊపుతుంటే పాప ఏడుపు వెక్కిళ్ళలోకి దిగింది.

నర్సమ్మ ఆ తల్లి పక్కన మెట్టు మీద కూర్చుంది. ఏమైందని అడగలేదు. నెత్తిన చెయ్యి వేసింది. "రాత్రి నిద్రపోయావా?" ఆమె తల అడ్డంగా ఊపింది. "మీ ఆయన లారీ ఎప్పుడొస్తుంది?" "ఎల్లుండి పిన్నీ." "అయితే అందాకా రాత్రిళ్ళు పాప నా దగ్గర. నువ్వు లోపలికెళ్ళి పడుకో."

ఆమె పడుకున్నాక నర్సమ్మ ప్లంబరుకు టీ ఇస్తూ చెప్పింది. "ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో కట్లు కట్టాను నాయనా. బిడ్డ మంచం మీంచి పడిందనేవాళ్ళు, అబద్ధమని తెలిసినా నేను అలాగే రాసుకునేదాన్ని. చెయ్యి లేచే ముందు ఒక్క నిమిషం ఉంటుంది. ఆ నిమిషానికి మనిషి అందితే చాలు. పైనుంచి కేకలేస్తే నాకు వినపడదు, గొట్టం మోగితే వీపుకు తెలుస్తుంది. కట్టు కట్టడం కంటే మెట్లెక్కడం తేలిక. ఈ మూడు దెబ్బల ఏర్పాటు పెట్టుకుని ఆరు నెలలైంది, పాప మీద ఇంతవరకూ ఒక్క దెబ్బ పడలేదు."

ప్లంబరు టీ గ్లాసు పట్టుకుని ఆ తుప్పు పట్టిన గొట్టాన్నే చూస్తూ ఉండిపోయాడు. ఇరవై ఏళ్ళుగా గొట్టాలు బిగిస్తున్నాడు. వాటిలో నీళ్ళే పారతాయనుకున్నాడు.

ప్లాస్టిక్ గొట్టాన్ని పక్క గోడకు దించాడు. పాతదాన్ని పీకలేదు. కోసిన ముక్కను రెండు అతుకు కాలర్లతో మళ్ళీ బిగించాడు. పైకెళ్ళి, పానాతో మూడు దెబ్బలు కొట్టి, ఊపిరి బిగపట్టాడు. లోపల నీళ్ళు లేకపోవడంతో గొట్టం గంటలా మోగింది. మధ్య వాటా నుంచి కత్తెరతో మూడు. కింది నుంచి చేతికర్రతో మూడు.

దిగేటప్పుడు నర్సమ్మకు చేతులు జోడించాడు. "నాకెందుకయ్యా? మేం మెట్లెక్కాం, అంతే. కొట్టింది ఆ పిల్ల" అందావిడ.

నిజమే. అందుకే మీరు కూడా, ఏ ఇంట్లోనైనా పసిబిడ్డ ఏడుపు ఆగకుండా వినిపించినప్పుడు, లేచిన చేతిని బిడ్డ మీద వేయకుండా గొట్టం మీద వేసిన ఆ తల్లిని ఒక్కసారి గుర్తు చేసుకోండి.