ఐదు పూతలు

మా ఆయన కికువో చేసిన బొమ్మ కార్లంటే షిజువోకా ఊళ్ళోని బొమ్మల క్లబ్బుల్లో తెలియనివాళ్ళు లేరు. విడిభాగాల కిట్ పెట్టె తెరిచిన దగ్గర్నుంచి రంగు డబ్బా మూత తీసేదాకా ఆ కారు నా చేతుల్లో ఉంటుందని మాత్రం ఎవరికీ తెలియదు. పాతికేళ్ళు అచ్చుల ఫ్యాక్టరీలో తనిఖీ పని చేసినదాన్ని. వెంట్రుకంత తేడా ఉన్నా నా వేలికి తెలిసిపోతుంది. ఆయనకు ఎదురుగా ఉన్న ఉప్పు డబ్బా కూడా కనబడదు.

ఈసారి తెచ్చింది అరవైల నాటి రెండు తలుపుల కారు, అసలుదానిలో ఇరవై నాలుగో వంతు. అరిగిపోయిన అచ్చులోంచి వచ్చిన సరుకు. బాడీ లోపలికి వంగిపోయి అడుగు పలకను పట్టనివ్వదు. బానెట్ ఒక పక్క లేచి ఉంటుంది, రెండో పక్క సందు. క్లబ్బులో ముగ్గురు దీన్ని సగంలోనే చెత్తబుట్టలో పడేశారు.

"ఈసారి ప్రదర్శనలో పెట్టే కార్డు మీద నా పేరు కూడా రాయాలి," అన్నాను.

"రాద్దాంలేవే, దానికేం. ముందు దాన్ని సరిగ్గా కూర్చోబెట్టు."

పద్దెనిమిదేళ్ళుగా ఇదే మాట. నా బుద్ధి గడ్డి తిని మళ్ళీ నమ్మాను.

బాడీని వేడినీళ్ళలో ముంచి, చెక్కముక్క అడ్డం పెట్టి వెడల్పు చేశాను. సందున్న వైపు సన్నటి ప్లాస్టిక్ పట్టీ అంటించి, ఆరాక ఆకురాయితో అరగదీశాను. పెట్టి చూడటం, తియ్యడం, రెండు రుద్దులు రుద్దడం, మళ్ళీ పెట్టి చూడటం. మూడు నెలలు పట్టింది. రంగుకూ మందం ఉంటుంది గనక దానికోసం కాగితమంత సందు వదిలాను.

"ఏమండీ, అంచుల మీద రెండు పూతలే. మూడోది పడితే బానెట్ పట్టదు."

"రంగెయ్యడం నాకు నేర్పుతావా?"

మెరుపు కోసం ఐదు పూతలేశాడు. మూసి కూడా చూసుకోకుండా, బానెట్ తెరిచి ఉంచే ప్రదర్శనకు పట్టుకెళ్ళాడు. అక్కడ కార్డు చూశాను. తయారీ, తెరాదా కికువో. అంతే. కడుపు మండిపోయింది.

బహుమతులు నిర్ణయించే ఒకిత్సు గారు వచ్చి వంగి చూశారు. "ఈ కిట్‌లో బానెట్ సరిగ్గా పడటం నేనింతవరకు చూళ్ళేదు. ఒక్కసారి మూసి చూపిస్తారా?"

మా ఆయన మూశాడు. పట్టలేదు. గట్టిగా నొక్కాడు. అంచున రంగు పెచ్చు లేచింది. చుట్టూ క్లబ్బువాళ్ళంతా ఉన్నారు. ఆయన మొహం కందగడ్డలా అయింది. అంతలోనే నవ్వి, నా వైపు చెయ్యి చూపించాడు.

"ఏం చెప్పమంటారు. అమర్చే పని మా ఫుసాయె చేసింది. ఆడవాళ్ళకు అప్పజెబితే ఇంతే."

అందరూ నవ్వారు. ఒకిత్సు గారు మాత్రం, "పర్లేదమ్మా, ఈ కిట్ ఎవరికైనా కష్టమే," అన్నారు జాలిగా.

పద్దెనిమిదేళ్ళలో ఆ క్లబ్బులో నా పేరు వినబడటం అదే మొదలు. ఐదు పూతల సంగతి నోటిదాకా వచ్చింది. చెబితే, తప్పు చేసి మొగుడి మీదకు నెడుతోందంటారు. ఆ జాలి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

తిరుగు రైల్లో ఆయన అన్నాడు, "మొహం ముడుచుకోకు. వచ్చే నెల హమమత్సులో ప్రదర్శన ఉంది. ఈలోగా ఆ అంచు కాస్త గీకి పెట్టు."

"గీకుతాను," అన్నాను.

మర్నాడు ఆయన బయటికెళ్ళగానే కూర్చుని గీకాను. అంచొక్కటే కాదు. బానెట్, తలుపులు, పైకప్పు, ఐదు పూతలకు ఐదు పూతలూ. నేను అంటించిన పట్టీలు, నింపిన పుట్టీ మచ్చలు అన్నీ బయటపడేదాకా ఆపలేదు. మధ్యాహ్నానికి కారును భోజనాల బల్ల మీద, ఆయన అన్నం గిన్నె పక్కన పెట్టాను.

ఆయన వచ్చి చూసి నిలబడిపోయాడు. "ఏం చేశావే? నా రంగేది?"

బానెట్‌ను వేలితో తాకాను. మెత్తగా పడింది, నేను వదిలిన కాగితమంత సందుతో.

"హమమత్సుకు ఇది ఇలాగే వస్తుంది," అన్నాను. "కార్డు నేనే రాసేశాను. అన్నం చల్లారిపోతోంది, తినండి."