అడ్డవరసల్లో ఉన్న పేరు

శుక్రవారంలోపు నేను చేయాల్సినవి ఇవి: ముత్తాత ట్రంకుపెట్టె తుడవాలి, ఉత్తరాలు ఏడాదివారీగా పేర్చాలి, మా ఊరి రేవు గోడకు ముత్తాత గుర్తుగా పెట్టే రాతిపలకకు వాక్యం రాసి రాతిపని డూగీకి ఇవ్వాలి, ఎల్స్పెత్ పెద్దమ్మకు ఎండుచేపలు తేవాలి.

మా ఇంట్లో డిగ్రీ పూర్తిచేసింది నేనొక్కదాన్నే కాబట్టి పని నా మీద పడింది. ముత్తాత ఎబెనీజర్ మియర్న్స్ చైనా తీరపు రేవులో కస్టమ్స్ అధికారి. 1887 తుఫానులో బండలపై చిక్కిన ఓడ దాకా తాడుతో ఈదుకుంటూ వెళ్లి పదకొండుమందిని బతికించాడని, అందుకు పతకం కూడా వచ్చిందని మా జాలరి ఊరు గోర్డన్ అంతా చెప్పుకుంటుంది.

ఆ సంగతి ఆయన తన తల్లికి రాసిన ఉత్తరాన్ని ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే పైకి చదవడం మా ఇంటి అలవాటు. అందులో 'తాడుతో ఈది పదకొండుమందినీ ఒడ్డుకు చేర్చాం' అని ఉంటుంది. అప్పట్లో కాగితం ఆదా కోసం, పేజీ నిండాక పక్కకు తిప్పి, రాసిన వరసల మీదే అడ్డంగా రాసేవారు. ఆ అడ్డవరసల్లో కుశలప్రశ్నలే ఉంటాయని నాయనమ్మ అంటే అందరూ నమ్మారు. ఎవరూ చదవలేదు.

నేను పేజీ తిప్పాను.

"అమ్మా, నేను ఒడ్డున తాడు కొస పట్టుకున్నాను. నీళ్లలో దిగింది మా పడవ నడిపే లిమ్ కే సియాంగ్. నాకు ఈత రాదని నీకు తెలుసుగా."

మా ఊరి జాలర్లలో ఈత నేర్చుకున్నవాళ్లు అరుదు. ఆ ముక్క మాకెవరికీ తట్టలేదు.

పెద్దమ్మ టీ కప్పు ఠక్కున పెట్టింది. "మోరాగ్, తాతల్ని కిందికి లాగడానికేనా నీ కాలేజీ చదువు?"

"లాగింది నేను కాదు పెద్దమ్మా, ఆయన చేతిరాతే."

"తల్లికి రాసింది కదే, వినయంకొద్దీ తగ్గించుకుని ఉంటాడు! మనవాళ్లకు గొప్పలు చెప్పుకోవడం ఎప్పుడు చేతనైంది? ఆఫీసు కాగితంలో చూపించు, అప్పుడు ఒప్పుకుంటా."

ముత్తాత పంపిన ప్రతి అధికారిక లేఖకూ పల్చటి కాగితంపై అచ్చొత్తి తీసిన నకళ్ల పుస్తకం పెట్టె అడుగున ఉంది. సిరా వెలిసిపోయింది. ఒక్కో పుట కింద తెల్లకాగితం పెట్టి చదివాను. గురువారం మధ్యాహ్నానికి దొరికింది.

"ఈ పతకానికి అర్హుడు లిమ్ కే సియాంగ్. దయచేసి అతనికే ఇప్పించగలరు."

తర్వాత ఏడాదీ అదే విన్నపం. ఆ తర్వాతా అంతే. మొత్తం ఎనిమిది లేఖలు.

పెద్దమ్మ ఎనిమిదీ చదివి కళ్లద్దాలు తీసింది. "మొండివాడు. అచ్చం మనవాడే." శాలువా కప్పుకుని తనే డూగీ దగ్గరికి నడిచింది.

"లిమ్ కే సియాంగ్ పేరు పైన చెక్కు. మావాడిది కింద."

"రెండు పేర్లంటే చోటు చాలదమ్మా. అక్షరాలు చిన్నవి చెయ్యాలి."

"మావాడివి చెయ్యి! ఈతరానివాడికి అంత పెద్ద అక్షరాలెందుకు?"

పై వారం శనివారం రాతిపలక మీది ముసుగు తీయగానే పడవలన్నీ కూతలు పెట్టాయి. మొదటి పేరు పెద్దమ్మే పైకి చదివింది, ఆదివారం ఉత్తరం చదివే గొంతుతోనే. ఇప్పుడు మా ఇంట్లో ఆ ఉత్తరాన్ని రెండు దిక్కులా చదువుతున్నాం.

ముత్తాత తొమ్మిదో లేఖ రాయలేకపోయాడు. దాని బదులు ఇది నేను మీకు రాస్తున్నాను: దయచేసి లిమ్ కే సియాంగ్‌ను గుర్తుపెట్టుకోండి.