వెనక గదిలో నాలుగు గీతలు

ఉతికిన బట్టలు మెషిన్‌లోంచి తీసి బకెట్‌లో వేసుకుని వస్తుంటే, నడవ గోడకున్న వైఫై రిపీటర్ కంటబడింది. రోజూ నీలంగా వెలిగే లైటు ఎర్రగా ఉంది. టైము పన్నెండున్నర. రెండింటికి నాకు క్లాసు.

నాది చెప్పుకోవడానికి చిన్న పనే. ఒక కాలేజీలో చెవులు వినబడని పిల్లలు ఆరుగురున్నారు. అక్కడ లెక్చరరు పాఠం చెబుతుంటే ఇక్కడ నేను వింటూ, ఆ మాటల్ని వెంటవెంటనే టైపు చేస్తాను. అవి వాళ్ల తెరమీద కనబడతాయి. నా అక్షరాలు ఆగాయంటే వాళ్ల పాఠం ఆగినట్టే. పోయిన వారం సిగ్నల్ పోయి రెండుసార్లు ఆగాయి. "ఇంకోసారి ఇలా అయితే వేరేవాళ్లని చూసుకోవాల్సి వస్తుంది మేడం, ఏమీ అనుకోకండి" అన్నారు కాలేజీవాళ్లు. ఏమీ అనుకోలేదు గానీ, ఆ పూట అన్నం సహించలేదు. ఈ పని నాకు ప్రాణం.

మా ఆయన దీన్ని టైంపాస్ అంటారు. నేను కూర్చునేది వెనక గదిలో. అక్కడ వాషింగ్ మెషిన్, చీపుర్లు, ఖాళీ అట్టపెట్టెలు, నేను ఉంటాం. నెట్ వచ్చేది ముందున్న ఆఫీసు గదిలోకి. అక్కడ వాడుకోగా మిగిలిన సిగ్నల్‌ను నడవలో రిపీటర్ అందుకుని నా వైపు విసురుతుంది. ఆఫీసు గది ఆయనది. పొద్దున తొమ్మిదికి ఆయన అసలు ఆఫీసుకు వెళ్లిపోయాక ఆ గదిలో ఫ్యాను కూడా తిరగదు. సాయంత్రం ఒక గంట మ్యాచ్ చూడ్డానికి మాత్రం అది ఆఫీసవుతుంది. బట్టలూ పాఠమూ ఒకే వేళకు తెమలాలి కాబట్టి, మెషిన్ గడగడల్లో లెక్చరరు మాట సరిగా వినబడటం లేదని మూడేళ్ల కిందట చెప్పి చూశాను. "అలవాటైపోతుందిలే" అన్నారు, పేపర్లోంచి తలెత్తకుండా. నిజమే, అలవాటైంది. నాకు అలవాటు కానిదంటూ ఏముంది గనక.

ఆయనకు ఫోన్ చేశాను.

"రిపీటర్ లైటు ఎర్రగా ఉందండీ."

"దాన్ని ముట్టుకోకు. సాయంత్రం వచ్చి చూస్తా."

"రెండింటికి క్లాసుంది."

"ఒక్కరోజు లీవు పెట్టు. కొంపలేం మునిగిపోవు."

మా ఇంట్లో ఒక చట్టం ఉంది. వైరున్నదల్లా ఆయనది, తడున్నదల్లా నాది. మిక్సీకి వైరుంది కదా అని అడక్కండి, దాన్ని తడిలో వేశారు. ఆ చట్టం ప్రకారం నేను సాయంత్రం దాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి. నేను స్విచ్ తీసి, నిమిషం ఆగి, మళ్లీ వేశాను. ఎరుపే. నా ఫోన్ చూసుకున్నాను. అదీ వైఫైలో లేదు, పాస్‌వర్డ్ తప్పంటోంది. హాల్లో మాత్రం అత్తయ్య ట్యాబ్‌లో సీరియల్ సాఫీగా నడిచిపోతోంది.

"మీకు నెట్ వస్తోందా అత్తయ్యా?"

"బ్రహ్మాండంగా వస్తోంది. రాత్రి వాడు పాస్‌వర్డ్ మార్చాడుగా. పైవాటావాళ్లు మన నెట్ వాడేసుకుంటున్నారని వాడి అనుమానం. నా దీంట్లో పెట్టాడు, టీవీలో పెట్టాడు, తన ఫోన్లో పెట్టుకున్నాడు."

ఇంట్లో అందరికీ చెప్పారు, రిపీటర్‌కీ నాకూ తప్ప. కోపం వచ్చింది, వెనకే నవ్వూ వచ్చింది. పాపం అది పాత పాస్‌వర్డే పట్టుకుని రాత్రినించీ తలుపు కొడుతూనే ఉంది.

"కొత్తది మీకు తెలుసా?"

అత్తయ్య సీరియల్ ఆపారు. "చీటీ రాసి నా మందుల డబ్బాలో పెట్టాడు. నీకిస్తే వాడేమంటాడో." కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం, పాపం ఆవిడ మాత్రం ఏం చేస్తారు. కాసేపు గడియారం చూశారు. "ఎంతమంది పిల్లలన్నావ్?"

"ఆరుగురు."

"మా నాన్నకి చివర్లో వినబడేది కాదు. అందరం నవ్వుతుంటే తనూ నవ్వేవాడు, ఎందుకో తెలీకుండానే" అంటూ డబ్బా మూత తీసి చీటీ నా చేతిలో పెట్టారు. చీటీలో ఉన్నది మా ఆయన మొదటి బండి నంబరు. పదహారేళ్లుగా కాపురం చేస్తున్నాను, ఆ మాత్రం నేనే ఊహించాల్సింది.

రిపీటర్ పుస్తకం ఎక్కడుందో ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. కాగితాలు దాచడం తడి శాఖలోకే వస్తుంది. పక్కనున్న సన్నటి రంధ్రంలో పిన్నీసు గుచ్చి పది సెకన్లు నొక్కితే పాతవన్నీ మరిచిపోతుందట. గాజుకున్న పిన్నీసు తీసి నొక్కాను. పది లెక్కపెట్టేసరికి లైటు మిణుకుమంది. తర్వాత దాన్ని మెయిన్ బాక్సున్న గదిలోనే పెట్టి కలపాలని రాసుంది. రిపీటర్‌ను చంటిపిల్లలా ఎత్తుకుని ఆఫీసు గదిలోకి వెళ్లాను. ప్లగ్గులో పెట్టి, ఫోన్లోంచి మా నెట్ పేరు ఎంచుకుని, బండి నంబరు కొట్టాను. ఎరుపు. ఎరుపు. నీలం.

ఎగిరి గంతేశాను. సిగ్గెందుకు, నిజంగానే గంతేశాను. ఆ చప్పుడుకి అత్తయ్య పరిగెత్తుకొచ్చారు.

పుస్తకంలో తర్వాతి మాట ఇది: ఇప్పుడు రిపీటర్‌ను తీసి, సిగ్నల్ అందని గదికి సగం దూరంలో పెట్టుకోండి. దాన్ని పీకడానికి చెయ్యి చాపి, ఆగిపోయాను. కిటికీలోంచి ఎండ బల్లమీద పడుతోంది. చేతులున్న కుర్చీ ఉంది. వేసుకుంటే పడే తలుపుంది. రోజంతా ఖాళీ. సిగ్నల్‌ను నా దగ్గరికి తెచ్చుకోవడానికి ఇంత తంటా పడుతున్నాను గానీ, నేనే దాని దగ్గరికి రావచ్చని మూడేళ్లలో ఒక్కసారి కూడా తట్టలేదు.

ఒకటీ యాభైకి ల్యాప్‌టాప్ తెచ్చుకుని ఆ కుర్చీలో కూర్చున్నాను. తలుపు వేసుకున్నాను. ఆ రోజు పాఠం భూకంపాల గురించి. లెక్చరరు ఊపిరి తీసుకోవడం కూడా వినబడింది. ఆయన జోకు వేస్తే, వేసిన క్షణమే నా అక్షరాల్లో పడింది. తెరమీద ఆరు చిన్న చదరాల్లో ఆరుగురు పిల్లలూ మిగతా క్లాసుతో కలిసి ఒకేసారి నవ్వారు. ఎప్పుడూ కాస్త ఆలస్యంగా నవ్వే పిల్లలు. నాకు కళ్లు మసకబారి రెండు తప్పులు దొర్లాయి, దిద్దుకున్నాను.

క్లాసయ్యాక రిపీటర్‌ను నడవలో పెట్టాను. అత్తయ్య ట్యాబ్ పట్టుకుని వెనక గదంతా తిరిగి, "మెషిన్ పక్కన కూడా సిగ్నల్ నాలుగు గీతలొస్తున్నాయమ్మాయ్" అని కేకేశారు. అయితే మంచిదే అన్నాను. ఇద్దరం కలిసి అట్టపెట్టెలు పక్కకు నెట్టి, నా పాత స్టూలు తుడిచి పెట్టాం.

ఆరింటికి ఆయన వచ్చారు. ఆఫీసు గది గుమ్మంలోనే నిలబడిపోయారు. బల్లమీద నా ల్యాప్‌టాప్, నా నీళ్ల సీసా, గోడకి నా క్లాసుల పట్టిక.

"ఇదేంటి? మ్యాచ్ మొదలవుతోంది. నేనెక్కడ కూర్చోను?"

"రిపీటర్ బాగైందండీ. వెనక గదిలో నాలుగు గీతలు వస్తున్నాయి, అత్తయ్య చూశారు."

"ఆ మెషిన్ పక్కనా? ఆ మోతలో ఏం వినబడుతుంది?"

రేపటి పాఠంలోని మాటలు చూసుకుంటున్నాను. తలెత్తలేదు.

"అలవాటైపోతుందిలెండి."