పంచదారకు తాళం

సొంత తండ్రిని దొంగగా పట్టుకోవాలని కంకణం కట్టుకున్న మనిషి మా ఆయన. దొంగ దొరకలేదు కానీ, మధ్యలో నా టీకి పంచదార కరువైంది.

మామగారు రిటైరైన టైలరు. రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఆపరేషన్ చేయాలంటే ముందు షుగరు కుదురుగా ఉండాలన్నారు. ఉంటేగా! పొద్దున మూడొందలు, మధ్యాహ్నానికి డెబ్భై. అప్పటికే రెండుసార్లు వాయిదా పడింది. సూదిలో దారం ఎక్కించలేని బతుకూ ఒక బతుకేనా అని రోజూ నన్నే నిలదీస్తారు, కత్తి పట్టే డాక్టర్ని నేనే అయినట్టు. ఇన్సులిన్ పెన్నులో డోసు నేను తిప్పి ఇస్తాను. పొడుచుకోవడం మాత్రం ఆయనే. సూది పని ఇంకొకరి చేతికిస్తే పరువు పోతుందట.

"దొంగతనంగా తింటున్నాడు," మా ఆయన తీర్పు.

"ఒట్టురా, ముట్టుకోలేదు."

"మరి షుగరు ఆకాశం నుంచి ఊడిపడుతోందా?" చూపు నా మీదికి తిరిగింది. "నువ్వే పెడుతున్నావేమో."

"అవును, మీకు పెట్టాల్సిన గడ్డి కూడా ఆయనకే పెడుతున్నాను."

ఆ సాయంత్రమే పంచదార, బిస్కెట్లు, ఆఖరికి పళ్ళు కూడా వంటింటి అల్మారాలోకి వెళ్ళాయి. మర్నాడు తాళంచెవి మా ఆయన జేబులో ఆఫీసుకెళ్ళింది. "షుగరు పడిపోతే?" అని అడిగాను. "మూడొందలున్న మనిషికి పడిపోవడమేంటే?" అన్నారు. ఈయనకంటే గోడ నయం, ఎదురు మాట్లాడదు.

పడిపోయింది. ఆ మధ్యాహ్నం చూద్దును కదా, మామగారు కుర్చీలో చెమటతో ముద్దయిపోయి ఉన్నారు. చేతులు వణుకుతున్నాయి. "కస్టమర్లు వెళ్ళిపోయారా అమ్మా?" అన్నారు నన్ను చూసి. చేతికందిన ఆయన పెద్ద కత్తెర తాళంలో దూర్చి పీకాను.

"నా కత్తెరే! మొన పోతుందే!" నాలుక తడబడుతున్నా గోల ఆగలేదు.

"మొన పోతే పోయింది, మీరుండండి!"

కొండీ ఊడొచ్చింది. గ్లాసెడు పంచదార నీళ్ళు దగ్గరుండి తాగించాను. కాస్త తేరుకున్నాక తడిసిన చొక్కా మారుస్తుంటే, బొడ్డు పక్కన నిమ్మకాయంత గడ్డ!

"ఇదేంటి మామయ్యా?"

"గుర్తు. కళ్ళు కనపడవుగా, వేలితో తడిమి అక్కడే పొడుచుకుంటాను. నొప్పి కూడా ఉండదు. గుర్తు దాటి కుట్టే అలవాటు నాకు లేదమ్మా."

నా నెత్తి నేను కొట్టుకున్నాను. ఆయన నెత్తి కొట్టే వరస కాదు కనక.

మర్నాడు తండ్రీకొడుకులిద్దర్నీ షుగరు డాక్టరమ్మ ముందు కూర్చోబెట్టాను. ఆవిడ గడ్డ నొక్కి చూసి నిట్టూర్చింది.

"ఒకే చోట పొడిచి పొడిచి ఇలా అయింది. ఇందులో వేసిన మందు ఒకరోజు పలకదు, ఇంకోరోజు ఒక్కసారే దిగుతుంది. దీని జోలికెళ్ళకండి, రోజూ చోటు మార్చండి. కొత్త చోట మందు గట్టిగా పనిచేస్తుంది కాబట్టి డోసు తగ్గిస్తున్నాను. షుగరు కుదుటపడగానే ఆపరేషన్‌కి నేనే రాసిస్తాను. పంచదార మాత్రం ఎప్పుడూ చేతికందేలా ఉంచండి."

"నిన్న తాళంలో ఉందండీ," అన్నాను వినయంగా.

"తాళమా? ఎవరు వేశారు?"

నేను ఫ్యాను రెక్కలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. మామగారు గోళ్ళు చూసుకుంటున్నారు. మా ఆయన కుర్చీలో రెండుసార్లు కదిలి, గొంతు సవరించుకున్నారు.

"నేనే వేశాను. నాన్న అబద్ధమాడుతున్నాడనుకున్నాను." తర్వాత మామగారి వైపు తిరిగి అన్నారు, "తప్పు నాదే నాన్నా."