ఏసీ అబ్బాయి

పెళ్ళి సంబంధం అన్నాక విచారణ తప్పదు. జాతకాలు కలిసినా, జీతం నచ్చినా, ఆడపిల్ల తరఫు పెద్దమనిషి ఒకడు అబ్బాయి ఊరికొచ్చి, ఏ పత్తి బేరానికో వచ్చినవాడిలా టీకొట్టులో కూర్చుని, "ఫలానావాళ్ళబ్బాయి ఎట్టాంటోడండీ?" అని వాకబు చేయాల్సిందే. కోటేష్ సంబంధం సరిగ్గా అక్కడే బోర్లా పడింది.

పడదూ మరి! ఆరో తరగతి నుంచీ గుంటూరు హాస్టళ్ళలో పెరిగాడు. ఆ తర్వాత హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం. కరోనా రోజుల్లో ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని వినుకొండ దగ్గరున్న సొంతూరికొచ్చి మేడమీద గదిలో దూరాడు. మీటింగులు లోపలే, సినిమాలు లోపలే, ఆటలు లోపలే. ఫేస్‌బుక్కులో వేలమంది స్నేహితులు. అన్నం కూడా తల్లి సుబ్బరావమ్మే కంచంలో పెట్టి పైకి మోసుకెళ్ళేది. కరోనా పోయింది గానీ కుర్రాడు మాత్రం బయటికి రాలేదు.

మంగళగిరిలో శ్రీదివ్యను చూడ్డానికి మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వెళ్ళాడు. తెరమీద కాకుండా ఎదురుగా కూర్చుని ఒక మనిషి నవ్వితే ఎంత బావుంటుందో అతనికి అప్పుడే తెలిసింది. చేసుకుంటే ఈ పిల్లనే చేసుకోవాలని ఇంటికొచ్చేలోపే నిశ్చయించుకున్నాడు.

విచారణకు శ్రీదివ్య మేనమామ పేరయ్య వచ్చాడు. ఊళ్ళో బుడే టీకొట్టులో కూర్చుని అడగాల్సిన మాట అడిగాడు.

"ఉన్నాడంటారండి," అన్నాడు బుడే టీ తిరగబోస్తూ. "మేడమీద ఏసీ గొట్టంలోంచి నీళ్ళు కారతా ఉంటయ్. నీళ్ళు కారతన్నయ్యంటే లోపల మనిషున్నట్టేగా. నేనైతే చూళ్ళేదండి."

"మంచోడేనా?"

"చెడ్డోడని ఎవరూ అన్లేదండి. మంచోడనీ అన్లేదు."

పేరయ్య సగం టీ వదిలేసి లేచాడు. అబ్బాయికి ఏదో లోపముంది, ఇంట్లోవాళ్ళు దాస్తున్నారు అని మర్నాటికల్లా కబురొచ్చింది. సుబ్బరావమ్మ కొంగు బిగించి టీకొట్టు మీదికి వెళ్ళింది.

"నీ నోరు పడిపోను! మంచోడని ఒక్క ముక్క అంటే నీ సొమ్మేం పోయింది?"

"అబద్ధం చెప్పమంటావా అక్కా? మంచోడనటానికైనా మనిషి కనపడాలి గదా!"

ఆమె గిర్రున వెనక్కి తిరిగింది. ఇంటికెళ్ళి కొడుకును నాలుగు దులిపింది. కోటేష్ సిగ్గు చంపుకుని శ్రీదివ్యకు ఫోన్ చేశాడు.

"నాకు మీరు నచ్చారండీ," అందామె. "కానీ మా ఇంట్లో మామయ్య మాటే మాట. ఆయన మిరపకాయలు అమ్ముడయ్యాక ఇంకోసారి వెళ్ళిరమ్మని బతిమాలి ఒప్పించాను. ఈలోపు నలుగురికీ కనిపించండి, మీకు దణ్ణం పెడతాను."

ఆ సాయంత్రం కోటేష్ ల్యాప్‌టాప్ మూసి వీధిలోకి దిగాడు. సొంత ఊళ్ళో దారి తెలియనివాడిలా నడిచి టీకొట్టు చేరాడు.

"అంకుల్, ఒక టీ."

"ఎవరి తాలూకు బాబూ?"

"సుబ్బరావమ్మ గారి అబ్బాయినండీ."

"ఓర్నీ! ఏసీ అబ్బాయా!" కొట్టంతా ఘొల్లుమంది. "మీ అమ్మ నన్ను తమ్ముడంటది, నువ్వు అంకులంటావేందిరా? మావా అను!"

ఏసీ అబ్బాయన్న పేరు అలాగే అతుక్కుపోయింది. మొదట్లో కోటేష్ పెళ్ళి కోసమే వెళ్ళాడు, అబద్ధం ఎందుకు? పోనుపోను సాయంత్రమైతే కాళ్ళు వాటంతటవే అటు లాగేవి. కొట్టు వెనకాలే బుడే కళ్ళం. ఎండబోసిన మిరపకాయలు తిరగదోస్తానని ఉత్సాహంగా దిగి, చెమట పట్టిందని అదే చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. ఇంకేముంది, కళ్ళమంతా గంతులు. బుడే భార్య మాబూబీ చెంబులతో నీళ్ళు కుమ్మరించింది. కొట్టు దగ్గర పేకాటలో అతని చేతిలో ఏముందో మొహంలోనే కనిపించేది. ఎన్ని తిట్లు తిన్నా అతనికి గదిలోకి పోబుద్ధయ్యేది కాదు.

ఆఖరి కోత కాయలు ఎండుతుండగా పేరయ్య మళ్ళీ వచ్చాడు. మొహానికి తువ్వాలు చుట్టుకుని కోటేష్ కళ్ళంలో ఉన్నాడు. మాటలన్నీ వినిపిస్తూనే ఉన్నాయి.

"వాడాండీ?" బుడే గొంతు ఖంగుమంది. "ఒట్టి చేతగానోడండీ! మిరపకాయల చేత్తో కళ్ళు తుడుచుకుంటాడు."

"పేకాట అసలు రాదండీ," అన్నారెవరో. "ఓడిపోయి మళ్ళీ నవ్వుతాడు."

"మా మాబూబీకి జొరమొస్తే బండెక్కించుకుని వినుకొండ ఆస్పత్రికి బయల్దేరాడండి. పెట్రోలు చూసుకోవాలని కూడా తెలవదు! సగం దారిలో బండి ఆగిపోతే, ఆవిణ్ణి మీద కూర్చోబెట్టి ఆస్పత్రిదాకా తోసుకుపోయాడు. ఎద్దులా ఉన్నాడు, బుర్ర మాత్రం సున్నా!"

కోటేష్ నీరుగారిపోయాడు. పోయినసారి ఊరు ఏమీ చెప్పకపోవడమే నయం. శ్రీదివ్య నవ్వు కళ్ళముందు మెదిలింది.

పేరయ్య ఈసారి టీ చివరిదాకా తాగాడు. ఇంకోటి పోయించుకుని అదీ తాగాడు. తర్వాత ఫోన్ తీశాడు.

"అక్కా, ముహూర్తం పెట్టించు. కుర్రాడు బంగారం... ఎవురు చెప్పారా? ఎవురూ చెప్పలేదే, ఊరంతా తిడతన్నారు! పరాయోణ్ణి ఎవడన్నా ఇట్టా తిడతాడా?"

కోటేష్ చేతిలోని మిరపకాయలు జారిపోయాయి. ఎక్కడివో కన్నీళ్ళు పొంగుకొచ్చాయి. తువ్వాలు లాగేసి రెండు చేతులతోనూ కళ్ళు తుడుచుకున్నాడు.

మంటకు అతను పెట్టిన కేక విని, "చూశారాండీ, నే చెప్పలే!" అంటూ బుడే నీళ్ళ చెంబుతో పరుగెత్తాడు. అతని వెనకే రెండో చెంబుతో పేరయ్య కూడా పరుగెత్తాడు.